కాగితం జేబులో, స్పానరు క్లీనరు చేతిలో

(కావలిలో రోడ్డు భద్రతా మాసోత్సవాల సందర్భంగా లారీ, ట్యాంకరు డ్రైవర్లు, క్లీనర్లు, యజమానుల సమావేశంలో ఒక మాజీ ట్యాంకరు డ్రైవరు చేసిన ప్రసంగం. ఆయన ఇప్పుడు ప్రమాదకర సరుకు తోలే డ్రైవర్లకు శిక్షణ ఇస్తున్నారు. మాట్లాడిన తీరును మార్చకుండా ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండయ్యా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఎక్కడ మీటింగ్ పెట్టినా డ్రైవర్లు కూర్చుంటారు, క్లీనర్లు గోడకు ఆనుకుని నిలబడతారు. ఈరోజు నాకు మీతోనే ఎక్కువ పని. రండి, రండి.

నేను 26 ఏళ్లు ట్యాంకరు తోలాను. పెట్రోలు, డీజిలు, యాసిడ్, కొన్నాళ్లు గ్యాసు. విశాఖ నుంచి చెన్నై దాకా ఈ రోడ్డు మీద ఏ డాబాలో పప్పు బాగుంటుందో, ఎక్కడ బండి ఆపితే తెల్లారేసరికి డీజిలు మాయమవుతుందో నన్నడగండి, చెబుతాను. (నవ్వులు) అప్పుడు దీన్ని ఐదో నంబరు హైవే అనేవాళ్లం. ఇప్పుడు పదహారు అంటున్నారు.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. నా మొదటి హజార్డస్ సర్టిఫికెట్, అంటే ప్రమాదకర సరుకు తోలడానికి శిక్షణ అయిందని ఇచ్చే కాగితం, నేను క్లాసులో కూర్చుని తెచ్చుకున్నది కాదు. మూడు రోజుల శిక్షణ అన్నారు. మూడు రోజులు బండి ఆగితే ఓనరుకు నష్టం, నాకు బత్తా పోతుంది. ఒకాయన వచ్చి రెండు ఫోటోలు, లైసెన్సు జిరాక్సు తీసుకెళ్లాడు. మూడు రోజుల హాజరుకు మూడు సంతకాలు ఒక్కసారే గీకేశాను. వారం తిరక్కుండా కాగితం చేతికొచ్చింది. లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నాను. ఏటా రెన్యువల్ కూడా అలాగే. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపితే తీసి చూపించేవాణ్ణి, ఆయన చూసి పంపేవాడు. నాలుగైదేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోయింది.

2003 మే నెల. వడగాలి కొడుతోంది. బండిలో 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్. ఒంగోలు దాటాక టంగుటూరు దగ్గర డాబాలో ఆపాం. నా క్లీనరు మా ఊరి పిల్లవాడే, వరసకు మేనల్లుడు. పదిహేడేళ్లుంటాయేమో. నేను చెయ్యి కడుక్కుని అన్నం ముందు కూర్చున్నాను. వాడు టైర్లు తట్టి చూసి వచ్చి, "మామా, కింద కారతా ఉంది" అన్నాడు. వెనక సరుకు దించే అవుట్‌లెట్ వాల్వు దగ్గర, పైపులను బోల్టులతో బిగించే ఫ్లాంజి సందులోంచి చుక్కచుక్కగా. యాసిడ్ అంటే నీళ్లలా ఉంటుందనుకుంటారు. కాదు, ఇది వంటనూనెలా చిక్కగా ఉంటుంది. కింద ఎండుగడ్డి మీద పడి, ఆ గడ్డి మన కళ్ల ముందే నల్లబడుతోంది, మంట లేకుండా మాడినట్టు.

నేను కూర్చున్న చోటునుంచే అన్నాను, "ఒక బకెట్ నీళ్లు కొట్టరా, కడుక్కుపోతుంది" అని.

వాడు తొట్టిలోంచి బకెట్ ముంచి ఫ్లాంజి మీదికి విసిరాడు. కాలిన పెనం మీద నీళ్లు చల్లితే ఎలా చిటచిటలాడుతుందో చూశారుగా? దానికి పది రెట్లు. గాఢమైన యాసిడ్‌లో నీళ్లు పడితే ఒక్కసారిగా మరిగిపోయి చింది పడుతుంది. వాడి కుడిచెయ్యి మోచేతి దాకా, మెడ ఒక పక్క. కేక వేశాడు.

ఇంతవరకు నేను చేసిన తప్పు సగమే. మిగతా సగం ఇప్పుడు వినండి. డాబా ఆవిడ బిందెడు నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నేను ఆమెను ఆపేశాను. నీళ్లు పడబట్టే కదా ఎగిరింది, ఒంటి మీద పోస్తే ఇంకా కాలుతుందని నా తెలివి. తువ్వాలుతో తుడిచాం. కొబ్బరినూనె రాశాం. దారిన పోయే జీపు ఆపి ఒంగోలు తీసుకెళ్లాం. అక్కడ డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "ఎంతసేపు కడిగారు?" అని. నేను తలొంచుకున్నాను.

ఇది క్లాసులో పది నిమిషాల పాఠం. యాసిడ్ కారుతుంటే దాని మీద నీళ్లు కొట్టకూడదు. మట్టి, ఇసుక కట్టగా పోసి కాలవలోకి పోకుండా ఆపాలి. తర్వాత సున్నంతోనో సోడా యాష్‌తోనో దాని ఘాటును కొద్దికొద్దిగా విరగ్గొట్టాలి. అదే యాసిడ్ మనిషి మీద పడితే మాత్రం వెంటనే బట్టలు ఊడదీసి, పారే నీళ్ల కింద కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు ఆపకుండా కడుగుతూనే ఉండాలి. బిందెడు కాదు, బోరు కింద కూర్చోబెట్టాలి. నాకు రెండూ తిరగబడ్డాయి. ఆ పిల్లవాడు బతికాడు. ఇప్పుడు ఊళ్లో చిల్లరకొట్టు పెట్టుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు వంగవు, తూకం రాళ్లు ఎడమచేత్తో పెడతాడు. నేను వెళితే ఇప్పటికీ "రా మామా" అని సోడా కొట్టిస్తాడు. తాగడం నాకే కష్టంగా ఉంటుంది.

ఇంకో మాట. సరుకు కారితే, ఒంటి మీద పడితే ఏం చేయాలో రాసిన కార్డు నా క్యాబిన్‌లోనే ఉంది. ట్రెమ్ కార్డు. అద్దం పైన సన్‌వైజర్ వెనక, అగరుబత్తి ప్యాకెట్‌తో కలిపి రబ్బరుబ్యాండు వేసి పెట్టాను. ఇంగ్లీషులో ఉంటుంది కదా అని ఎన్నడూ తీసి చదవలేదు. తర్వాత వారానికి మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, డిక్షనరీ పెట్టుకుని చదివించాను. చర్మం మీద పడితే పుష్కలంగా నీళ్లతో కడగాలని నాలుగో లైనులో ఉంది.

ఆ తర్వాత నేను ఎవరూ పంపకుండానే వెళ్లి మూడు రోజులూ కూర్చున్నాను. అప్పటికే సర్టిఫికెట్ ఉన్నవాడివి మళ్లీ ఎందుకయ్యా అని అక్కడివాళ్లు నవ్వారు.

సరే, ఇప్పుడు చట్టం ఏమంటుందో చెబుతాను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989. అందులో 9వ నిబంధన మన కోసమే రాశారు. ప్రమాదకర సరుకు తోలే డ్రైవరుకు మామూలు ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఒక్కటే చాలదు. ఒక భారతీయ భాష, దాంతోపాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి. రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సంస్థలో మూడు రోజుల శిక్షణ పూర్తి చేసిన సర్టిఫికెట్ ఉండాలి. అది చూపిస్తే ఆర్టీవో ఆఫీసులో లైసెన్సు మీద ఎండార్స్‌మెంట్, అంటే ప్రమాదకర సరుకు తోలొచ్చని అనుమతి, వేస్తారు. ఇంగ్లీషు ఎందుకు అని చాలామంది విసుక్కుంటారు. ట్రెమ్ కార్డు ఇంగ్లీషులో వస్తుంది కాబట్టి. ఆ భారం డ్రైవరు మీద పెట్టడం నాకూ పూర్తిగా నచ్చదు. మన సరుకు మన రోడ్డు మీద పోయేటప్పుడు కార్డు తెలుగులో కూడా వేస్తే ఏం పోతుంది? వేసిన కంపెనీలు కొన్ని చూశాను, వేయనివి చాలా చూశాను. ఇక్కడున్న ఓనర్లు లోడు ఎత్తేచోట గట్టిగా అడగండి. సరుకు గురించి పూర్తి సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత సరుకు పంపేవాడిదే, 131వ నిబంధన ఆ మాటే చెబుతుంది.

మూడు రోజుల్లో మూడు భాగాలు. ప్రమాదం రాకుండా బండి తోలడం, బండి మీద అదుపు, మూడోది సరుకు. మొదటి రెండూ మీకు చాలావరకు వచ్చు. మూడోదే ఎవరికీ రాదు, ఎవరూ వినరు, మధ్యాహ్నం భోజనం తర్వాత పెడతారు కాబట్టి సగం మంది కునుకుతారు. (నవ్వులు) నేను మా క్లాసులో దాన్ని పొద్దునకు మార్చేశాను.

ఎండార్స్‌మెంట్ గడువు మీద చాలామందికి గందరగోళం ఉంది. ముందు అది ఏడాదికే, ప్రతిసారీ ఒకరోజు రిఫ్రెషర్ క్లాసు. 2019 సవరణలో దాన్ని మూడేళ్లు చేశారు. మీ కార్డు మీద తేదీ ఇంటికెళ్లి చూసుకోండి. నన్నడిగితే ఏడాదే బాగుండేది. నేర్చుకున్నది మూడేళ్లకు ఎంత గుర్తుంటుంది?

సరుకు సంగతికొద్దాం. ట్యాంకరుకు రెండు పక్కలా, వెనకా ఒక బోర్డు ఉంటుంది. దాని మీద నాలుగంకెల నంబరు. 1203 అంటే పెట్రోలు. 1202 డీజిలు. 1075 మన ఇంట్లో వాడే గ్యాసు. 1830 సల్ఫ్యూరిక్ యాసిడ్, నాకు ఈ నంబరు నిద్రలో లేపినా గుర్తొస్తుంది. 1005 అమ్మోనియా. ఇవి ఐక్యరాజ్యసమితి నంబర్లు. ఏ దేశంలోనైనా అవే.

దాని పైన ఇంకో చిన్న కోడు ఉంటుంది, హజ్‌కెమ్ అంటారు. పెట్రోలు బండి మీద 'మూడు వై ఈ' అని ఉంటుంది. ఇది లారీ నంబరు కాదు, ఫైరింజన్ వాళ్లకు మనం రాసిన ఉత్తరం. మూడు అంటే నురుగుతో ఆర్పమని. వై అంటే పేలే స్వభావం ఉంది, ఊపిరి పరికరం తగిలించుకుని దగ్గరికి రండి, కారిందాన్ని కాలవలోకి వదలకుండా కట్టడి చేయండి అని. చివర 'ఈ' (E) అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయమని. అమ్మోనియా బండి మీద 'రెండు ఆర్ ఈ' ఉంటుంది. రెండు అంటే సన్నటి నీటి తుంపర. అమ్మోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది, అందుకు. ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ షెడ్లు ఉన్న ఊళ్లు మనవి. అక్కడ లీకైతే ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని, గాలి వచ్చే వైపుకు చేరాలని పిల్లలకు కూడా నేర్పాలి.

చూశారా, పెట్రోలుకు మూడు, అమ్మోనియాకు రెండు. ఇప్పుడు చెప్పండి, పోయిన ట్రిప్పు బోర్డు మార్చకుండా ఈ ట్రిప్పు లోడు ఎత్తుకొస్తే ఏమవుతుంది? ఫైరు వాళ్లు బోర్డు నమ్మి వస్తారు. బోర్డు అబద్ధం చెబితే ముందు ప్రమాదంలో పడేది వాళ్లే. బోర్డు మార్చడం ఎవరి పని? క్లీనరు పని. క్లీనరుకు ఆ నంబరు అంటే ఏంటో ఎవరైనా చెప్పారా?

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. శిక్షణ డ్రైవరుకు. ఎండార్స్‌మెంట్ డ్రైవరుకు. వాల్వు తిప్పేది ఎవరు? నిప్పురవ్వ పుట్టకుండా బండిని భూమికి కలిపే ఎర్త్ క్లిప్పు పెట్టేది ఎవరు? ట్యాంకు పైకెక్కి మూత తీసి కర్ర పెట్టి కొలిచేది ఎవరు? డ్రైవరు డాబాలో కునుకు తీస్తుంటే బండి దగ్గర ఉండేది ఎవరు? 133వ నిబంధన ఒక్కసారి చదవండి. బండి తోలకుండా ఆపి ఉన్నప్పుడు కూడా డ్రైవరు గానీ, పద్దెనిమిదేళ్లు దాటిన, పని తెలిసిన మనిషి గానీ దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. పద్దెనిమిదేళ్లు దాటిన, పని తెలిసిన. ఈ రెండు మాటలూ నా మేనల్లుడి విషయంలో నేను తప్పాను. ఇప్పుడు బయట ఆగిన బండ్ల దగ్గరికి పోయి చూడండి, పదిహేనేళ్ల పిల్లలు టైర్ల కింద చెక్క దిమ్మెలు పెడుతుంటారు.

ఇంకో సంగతి చెబుతాను. నెల్లూరు దగ్గర హైవే పక్కన ఒక వెల్డింగ్ షెడ్డు. పేరు వద్దు. యాసిడ్ ట్యాంకరు ఒకటి ఖాళీ చేసి, వారం రోజులు పక్కన పెట్టి, లోపల నీళ్లు కొట్టి కడిగి వెల్డింగ్‌కు తెచ్చారు. పెట్రోలు ట్యాంకరైతే ఆ వెల్డరు దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు, తెలిసినవాడే. "యాసిడే కదా, మండదు" అన్నాడట. నిజమే, యాసిడ్ మండదు. కానీ గాఢమైన సల్ఫ్యూరిక్ యాసిడ్ ఇనుము ట్యాంకులో బుద్ధిగా కూర్చుంటుంది, అందుకే ఇనుము ట్యాంకులో తోలుతాం. నీళ్లు కలిసి పలచబడిందంటే మాత్రం ఇనుమును తినడం మొదలుపెడుతుంది. తింటూ హైడ్రోజన్ వదులుతుంది. హైడ్రోజన్ రంగు లేదు, వాసన లేదు, నిప్పురవ్వ చాలు. నేను రెండు రోజుల తర్వాత అటు పోతూ చూశాను. ట్యాంకు వెనక మూత ఊడి రోడ్డు అవతల వేపచెట్టు మొదట్లో పడి ఉంది. మనిషి అక్కడికక్కడే పోయాడు. కడిగిన బండి కదా అనే ధైర్యమే వాణ్ణి చంపింది.

ఖాళీ పెట్రోలు ట్యాంకరు సంగతీ అంతే. నిండు ట్యాంకులో ద్రవం ఉంటుంది, ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది. మండేది ఆవిరే. ఆ ఆవిరి గాలికంటే బరువు, కింద గుంటల్లో, కాలవల్లో పాకుతుంది. ఇరవై అడుగుల అవతల ఎవడో బీడీ ముట్టిస్తే అక్కడినుంచి నిప్పు వెనక్కి నడిచొస్తుంది. అన్‌లోడు అయిపోయింది, ఖాళీ బండే కదా అని బోర్డు తీసేసి, ఊళ్లో ఇంటి ముందు పెట్టుకునే డ్రైవర్లను చూశాను. లోపలికి దిగి కడగడం ఇంకా ఘోరం. కృష్ణపట్నంలో పామాయిలు తోలే బండ్ల క్లీనర్లు ఇక్కడున్నారు. మీరు నూనె ట్యాంకులోకి దిగే అలవాటుతో రేపు కెమికల్ ట్యాంకులోకి దిగకండి. నూనె ట్యాంకులోకి కూడా ఒంటరిగా దిగకండి, లోపల ఊపిరాడే గాలి ఉందో లేదో పరికరం పెట్టి చూడాల్సిందే. లోపల ఒకడు పడిపోతే వాణ్ణి తీయడానికి దిగిన రెండోవాడు కూడా పోతాడు.

గ్యాసు బండి గురించి పెద్దగా చెప్పను, జైపూర్ గుర్తుంటే చాలు. 2024 డిసెంబరు 20, తెల్లవారుజాము. జైపూర్-అజ్మీర్ హైవే మీద గ్యాసు ట్యాంకరు యూటర్న్ తిరుగుతోంది, లారీ వచ్చి కొట్టింది. ట్యాంకు పగల్లేదు, అవుట్‌లెట్లు విరిగాయి. గ్యాసు మంచులా రోడ్డంతా పరుచుకుని, తర్వాత అంటుకుంది. వెనక వరసలో ఆగిన బస్సు, లారీలు, కార్లు, ముప్పైకి పైగా బండ్లు కాలాయి. మన రోడ్డు మీద డివైడర్ సందుల్లో ట్యాంకరును అడ్డంగా తిప్పేవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ప్రమాదం జరిగితే డ్రైవరు దగ్గర్లోని పోలీస్ స్టేషనుకు చెప్పాలని 136వ నిబంధన. పారిపోవద్దు. కొడతారని భయముంటే దూరంగా నిలబడి ఫోన్ చేయండి, 112, 101, హైవే వాళ్లది 1033. కానీ లోపల ఏ సరుకు ఉందో మాత్రం తప్పకుండా చెప్పండి. ఫైరు వాళ్లకు కావాల్సింది మీ నోట్లో ఉన్న ఆ నాలుగంకెలే. రెండోది, రోడ్డు పక్కన రొయ్యల గుంటలు చూసుకోండి. సింగరాయకొండ నుంచి ఇటు కాలవలన్నీ ఎక్కడో ఒకచోట చెరువులోకో గుంటలోకో పోతాయి. కాలవకు రెండు తట్టల మట్టి అడ్డం వేస్తే ఒక రైతు పంట దక్కుతుంది. బావులు, నదులు కాపాడటం కూడా సిలబస్‌లో ఉంది, అది ఎవరో రాసింది కాదు, మన పాఠమే. మూడోది, బోల్తా పడిన డీజిలు బండి దగ్గరికి బిందెలతో వచ్చే జనం. వాళ్లను ఆపడం మీవల్ల కాదు, కనీసం బండి ఇంజను, బ్యాటరీ ఆపేయండి.

ఇక్కడ చీమకుర్తి నుంచి వచ్చిన వాళ్లు, "మా క్వారీల సంగతి చెప్పవా" అని ఇందాక చెవిలో అన్నారు. గెలాక్సీ గ్రానైట్ దగ్గర మందు పేల్చేవాడికి బ్లాస్టర్ సర్టిఫికెట్ ఉండాలి, అది గనుల భద్రతా విభాగం పరీక్ష పెట్టి ఇచ్చేది. పక్కన ఉండి చూసి నేర్చుకున్నాడు, బాగా పేలుస్తాడు అంటే చట్టం ఒప్పుకోదు. పురుగుమందుల షాపు వాళ్లకూ ఇప్పుడు చదువు అర్హత పెట్టారు. డిగ్రీ లేకపోతే ఇన్‌పుట్ డీలర్ల కోసం, అంటే విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మేవాళ్ల కోసం పెట్టిన ఏడాది డిప్లొమా చేస్తున్నారు. అవి నాకు పూర్తిగా తెలిసిన విషయాలు కావు, తెలిసినవాళ్లను పిలిపించుకుని వినండి.

ఓనర్లతో ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్, మూడో ఉపవిభాగం. ప్రమాదకర సరుకు నిబంధనలు తప్పి బండి తోలినవాడికే కాదు, తోలించినవాడికి, తోలనిచ్చినవాడికి కూడా శిక్ష. మొదటిసారికి పదివేల జరిమానా, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. పదివేలు మీకు లెక్క కాదని నాకు తెలుసు. అందుకే ఇంకో లెక్క చెబుతాను. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు వాళ్లు ముందు అడిగేది డ్రైవరు లైసెన్సు మీద ఎండార్స్‌మెంటే. మూడు రోజుల బత్తా మిగుల్చుకోవడానికి బండి ఖరీదు పందెం కాస్తున్నారు. డ్రైవరును పంపేటప్పుడు వాడి క్లీనరును కూడా క్లాసుకు పంపండి. చట్టం అడగకపోయినా పంపండి. మా దగ్గర క్లీనరు వెనక బెంచీలో కూర్చుంటే ఫీజు అడగం, భోజనం కూడా పెడతాం.

(ప్రేక్షకుల్లోంచి: "రాయడం రాని వాడు ఎలా నేర్చుకుంటాడన్నా?")

మంచి ప్రశ్న. రాయడం రానివాడికి లైసెన్సు మీద ఎండార్స్‌మెంట్ రాదు. కానీ నంబరు గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు. సినిమా టికెట్ మీద సీటు నంబరు చూసుకోవడం వచ్చినవాడికి 1830 రాదా? బొమ్మ గుర్తులూ ఉన్నాయి. మంట బొమ్మ, పుర్రె బొమ్మ, చెయ్యి మీద చుక్కలు పడి తింటున్న బొమ్మ. ఆ చెయ్యి బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఎవరు గుర్తొస్తారో మీకు తెలుసు.

సరే, ఎండ ఎక్కకముందే మిగతాది బయట చూపిస్తాను. ఖాళీగా ఉన్న నీళ్ల ట్యాంకరు ఒకటి తెచ్చి నిలబెట్టాం, బోర్డులు కూడా తగిలించాం. అందులో ఒకటి కావాలనే తప్పుగా పెట్టాను, ఏదో కనిపెట్టండి. ఎర్త్ క్లిప్పు, వాల్వు, ఫ్లాంజి బోల్టులు అన్నీ మీ చేత్తో మీరే చేయాలి. డ్రైవర్లు కాసేపు నీడలో కూర్చోండి. క్లీనర్లు ముందు రండి.